ఫోటోలో మన వెనకాల ఉన్నది



మా ఇంటి గోడకు ఒక పాత నలుపు తెలుపు ఫోటో ఉంది. 1970ల నాటిది. హైదరాబాద్‌లో ఒక పెళ్లి చూసుకుని మావాళ్లు తాండూరుకు తిరిగి వస్తున్నారు. మొయినాబాద్ దాటాక బస్సు చెడిపోయింది. ఇంకో బస్సు వచ్చేదాకా అందరూ రోడ్డు పక్కన మర్రిచెట్టు కింద కూర్చున్నారు. పెళ్లికి ఫోటోలు తీసిన స్టూడియో ఆయన కూడా అదే బస్సులో ఉన్నాడు. రీలులో ఒక ఫోటో మిగిలి ఉంది. దాన్ని ఎందుకు పారేయాలని అక్కడే తీశాడు. ముందు వరుసలో నాయనమ్మ, పక్కన మేనత్తలు, చంకన పిల్లాడితో మా అమ్మ.

ఏళ్లకేళ్లు ఆ ఫోటోలో మేము మనుషులనే చూశాము. మేనత్త ఎంత సన్నగా ఉండేదో, నాయనమ్మ మెడలో ఏ గుండ్లు ఉండేవో మాట్లాడుకున్నాము. ఈమధ్య ఒకరోజు దుమ్ము తుడుస్తూ వాళ్ల వెనకాల చూశాను. నేలను తాకి కాళ్లూనుకున్న ఊడలు. రోడ్డుకు అవతల ఇంకో మర్రి. దాని వెనక మరొకటి. ఇటు కొమ్మ, అటు కొమ్మ రోడ్డు మీద కలుసుకున్నాయి. కింద రోడ్డేమో రెండు ఎడ్లబండ్లు ఎదురైతే ఒకటి మట్టిలోకి దిగాల్సినంత ఇరుకు. మా కుటుంబం కోసం తీసిన ఫోటోలో ఒక దారి చరిత్ర దాగి ఉంది. అది కంటపడడానికి నాకు యాభై ఏళ్లు పట్టింది.

ఈరోజు మీతో మాట్లాడాలనుకున్నది దాని గురించే. నీటిని, అడవిని, గాలిని అర్థం చేసుకోవడంలో ఫోటో మనకు ఎలా తోడ్పడింది? జనాన్ని, ప్రభుత్వాలను ఎలా కదిలించింది? ఎక్కడ చాలకుండా పోయింది? రేడియోలో బొమ్మ చూపించలేను. నేను చెప్పే ఒక్కో ఫోటోను మీరే మనసులో గీసుకోండి.

1839లో ఫ్రాన్స్‌లో డాగేర్ తన పద్ధతిని లోకానికి చెప్పాడు. పాతికేళ్లు తిరగకముందే ఫోటో ఒక చట్టానికి తోడు నిలిచింది. 1861లో కార్ల్‌టన్ వాట్కిన్స్ అనే ఆయన పెద్ద పెద్ద గాజు పలకలను కంచరగాడిదల మీద మోయించుకుని అమెరికాలోని యోసెమిటీ లోయకు వెళ్లాడు. ఆ కొండలను, జలపాతాలను కళ్లారా చూడని పెద్దమనుషులు ఆ ఫోటోల్లో చూశారు. 1864లో ఆ లోయను కాపాడే చట్టం మీద అధ్యక్షుడు లింకన్ సంతకం చేశాడు. కన్ను చూడని చోటును చూపించి, కాపాడాలన్న ఆలోచన కలిగించడం ఫోటో చేసిన మొదటి మేలు.

మన దగ్గరికి వద్దాం. వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాద్ మీదుగా వెళ్లి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబరు 28న ఆ నది హైదరాబాద్‌ను ముంచింది. సుమారు 15 వేల మంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారని నేటికీ చెప్పుకుంటారు. అప్పటికి హైదరాబాద్‌కు ఫోటో కొత్త కాదు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, పబ్లిక్ వర్క్స్ శాఖలో పనిచేసి, ఆ తర్వాత ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయిన రాజా దీన్‌దయాళ్ ఈ నగరానికి కెమెరాను బాగా అలవాటు చేశాడు. వరదకు మూడేళ్ల ముందే ఆయన కన్నుమూశాడు. వరద తర్వాతి ఫోటోలు మాత్రం మనకు మిగిలాయి. తెగిన వంతెన కమానులు, మొండిగోడలు, రాళ్లకుప్పలైన వీధులు. చూస్తే గుండె పట్టేస్తుంది.

కానీ నది ఎందుకు అలా పొంగిందో ఆ ఫోటోలు చెప్పలేవు. అది చెప్పడానికి ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య రావలసి వచ్చింది. ఆయన నగరంలో కూలిన గోడల దగ్గరే ఆగకుండా ఎగువకు, అంటే మన వికారాబాద్ వైపుకు చూశాడు. మూసీ, ఈసీ నదుల పరివాహక ప్రాంతంలో 788 చెరువులు ఉన్నాయని, ఆ వానకు వాటిలో 221 తెగాయని లెక్క తేలింది. ఒక చెరువు తెగి కింది చెరువు మీద పడితే, అది ఇంకో చెరువు మీద పడింది. ఆ లెక్కలోంచి రెండు జలాశయాల ఆలోచన పుట్టింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఏమి జరిగిందో ఫోటో చూపించింది. ఎందుకు జరిగిందో చెరువుల లెక్క చెప్పింది. ఈ రెండూ ఒకదాని పక్కన ఒకటి ఉంటేనే పని జరుగుతుంది. ఈ మాటను గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు మనసు కలతపెట్టే ఒక ఫోటో. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఘోరమైన కరువు వచ్చింది. మనవాళ్లు ధాత కరువు అన్నారు. బళ్లారి, కర్నూలు, కడప సీమలు ఎండిపోయాయి. కరువు సోకిన సీమలన్నిటా కలిపి అరకోటికి పైగా జనం రాలిపోయారు. మద్రాసు సైన్యంలో అధికారిగా ఉన్న విల్లోబీ వాలెస్ హూపర్ ఎముకల గూళ్లైన మనుషులను వరుసగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. అవి ఇంగ్లండ్‌లో చాలామంది కళ్లు తెరిపించాయి. అదే సమయంలో జనం ఒక ప్రశ్న వేశారు. వాళ్లను తెచ్చి, సర్ది, కూర్చోబెట్టి ఫోటో తీశాక ఆ మనుషులు ఏమయ్యారు? వాళ్లకు ఒక ముద్ద అన్నం ఎవరు పెట్టారు? నూటయాభై ఏళ్లు కావస్తున్నా ఆ ప్రశ్న పాతబడలేదు. ఆ ఫోటోల్లో ఉన్నవాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. వాళ్లది ఏ ఊరు, ఏ పొలం ఎండింది, ఏ చెరువు ఆరింది అన్నది మనకు తెలియదు. కరువును చూపించడానికి మనిషిని వాడుకున్నారు, మనిషిని మాత్రం వదిలేశారు.

దాని పక్కన ఇంకో ఫోటో పెట్టి చూద్దాం. ఇది నల్గొండది. ముందుగా కొంచెం వెనక్కి వెళ్లాలి. 1937లో నాటి నెల్లూరు జిల్లాలో కొందరు డాక్టర్లు ఒక వింత జబ్బును పరిశోధించారు. వెన్ను బిగుసుకుపోతుంది, కీళ్లు వంగవు, మనిషి నడివయసులోనే కట్టెబారిపోతాడు. ఎక్స్‌రే తీస్తే ఎముకల మీద ఎముక పెరిగినట్టు కనిపించింది. మూలం తాగేనీటిలోని ఫ్లోరైడ్. ఎక్స్‌రే కూడా ఒక రకం ఫోటోనే కదా. ఇక్కడ కెమెరా ఎంత అవసరమో, ఎంత అశక్తమో రెండూ తెలుస్తాయి. ఫ్లోరైడ్ ఉన్న నీళ్లను గాజు గ్లాసులో పోసి ఫోటో తీయండి, తేటగా మెరుస్తాయి. విషం ఆనదు. లీటరులో 1.5 మిల్లీగ్రాములు దాటిందా లేదా అన్నది పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. విషం నీటిలో కనబడదు, మనిషి ఎముకలో కనబడుతుంది.

నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం శివన్నగూడేనికి చెందిన అంశల స్వామి ఆ ఎముకల బాధను చిన్ననాటి నుంచీ మోశాడు. 2003లో జలసాధన సమితి నాయకుడు దుశర్ల సత్యనారాయణ ఆ పిల్లవాణ్ని ఢిల్లీ తీసుకువెళ్లి ప్రధాని వాజపేయి ముందు బల్లమీద ఉంచారు. ఆ దృశ్యం ఫోటోగా పత్రికలకెక్కింది. అంతకు ముందు ఎన్ని నివేదికలు, ఎన్ని పట్టికలు వెళ్లినా కదలని మనసులు ఆ ఒక్క ఫోటోతో కదిలాయి. హూపర్ ఫోటోకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. ఇందులోని మనిషికి పేరుంది, ఊరుంది, మాట ఉంది. స్వామి పెద్దవాడయ్యాక కూడా తన ఊరి నీళ్ల గురించి తానే మాట్లాడాడు. 2023 జనవరిలో ఆయన కన్నుమూసినప్పుడు తెలంగాణ అంతా ఒక బొమ్మను కాదు, ఒక మనిషిని పోగొట్టుకున్నానని బాధపడింది.

ఇక నేల మీది నుంచి ఆకాశంలోకి వెళ్దాం. 1970 ప్రాంతంలో కేరళలో కొబ్బరి చెట్లకు తెగులు పట్టింది. వాతావరణ శాస్త్రవేత్త పిషరోటి బృందం హెలికాప్టర్ ఎక్కి, మామూలు కంటికి ఆనని పరారుణ కాంతిని పట్టే ఫిల్ముతో తోటలను ఫోటోలు తీసింది. ఆరోగ్యమైన ఆకు పరారుణ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది. జబ్బుపడిన ఆకు అంతగా కొట్టదు. ఆ ఫోటోల్లో తెగులు తగిలిన చెట్లు వేరుగా కనిపించాయి. మన దేశంలో రిమోట్ సెన్సింగ్ అనే విద్యకు అదే తొలి అడుగు. ఆ విద్యకు కేంద్రం మన హైదరాబాదే. 1974లో నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ మొదలైంది. 1979 నుంచి మనకు పొరుగునే ఉన్న షాద్‌నగర్‌లో పెద్ద యాంటెనాలు ఉపగ్రహాలు పంపే చిత్రాలను అందుకోసాగాయి.

ఆ సంస్థ శాస్త్రవేత్తలు 1984లో దేశానికి ఒక జత చిత్రాలు చూపించారు. ఒకటి 1972–75 కాలపు ఉపగ్రహ చిత్రాలతో చేసిన అటవీ పటం. రెండోది 1980–82 కాలానిది. మొదటిదాని ప్రకారం దేశంలో అడవి 5.55 కోట్ల హెక్టార్లు, అంటే దేశ విస్తీర్ణంలో 16.89 శాతం. రెండోదాని ప్రకారం 4.63 కోట్ల హెక్టార్లు, 14.10 శాతం. ఏడెనిమిదేళ్లలో 92 లక్షల హెక్టార్లు పోయాయి. ఎంతో అర్థం కావాలంటే ఇలా చెబుతాను. నేటి తెలంగాణ మొత్తాన్ని ఐదు భాగాలు చేస్తే, అందులో నాలుగు భాగాలంత అడవి. అప్పటికి ప్రభుత్వ రికార్డులు దేశంలో ఐదో వంతుకు మించి అడవి ఉందనే చెబుతున్నాయి. కాగితం మీద ఉన్న అడవి వేరు, నేల మీద నిలబడ్డ చెట్టు వేరు అని ఆ చిత్రాలు తేల్చాయి. వాదోపవాదాలు జరిగాయి, చివరికి పద్ధతి మారింది. 1987 నుంచి దేశంలోని అడవుల పరిస్థితిని ఉపగ్రహ చిత్రాలతో కొలిచి రెండేళ్లకోసారి నివేదిక ఇస్తున్నారు. 1988లో కొత్త జాతీయ అటవీ విధానం వచ్చింది.

ఒక్క చిత్రమే అయితే ఇంత పని చేసేది కాదు. 1972లో అడవి పచ్చగా ఉందంటే ఉందనుకుంటాము, అంతే. అదే చోటును, అదే కోణంలో, కొన్నేళ్ల తర్వాత మళ్లీ చూసినప్పుడే పోయినదేదో తెలుస్తుంది. పర్యావరణ శాస్త్రంలో ఫోటోకున్న అసలు బలం రెండో ఫోటోలో ఉంది.

అయితే ఆ ఉపగ్రహానికీ ఒక హద్దు ఉండేది. ఆ రోజుల్లో చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 80 మీటర్ల చతురస్రం, దగ్గర దగ్గర ఒకటిన్నర ఎకరం. మా నాయనమ్మ వెనకాల ఉన్న మర్రిచెట్టు ఆ చుక్కలో కనపడదు. ఒంటి చెట్టును చూడాలంటే నేల మీద నిలబడి చూసే మనిషి కావాలి.

తాండూరులోనూ అంతే. మన నాపరాయి ఎన్ని ఇళ్ల నేలల మీద పరుచుకుందో లెక్కలేదు. మన రాయి మీద, మన కంది మీద మనకు అభిమానం ఉంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రాయి తీసిన గనుల గుంతలు, రాయి కోసి నునుపు చేసేచోట పేరుకున్న బురద గుట్టలు ఇవాళ్టి ఉపగ్రహ చిత్రాల్లో మచ్చల్లా కనబడతాయి. కాని ఆ గనిలో పనిచేసే మనిషి ఊపిరితిత్తుల్లోకి ఎంత దుమ్ము పోతుందో ఏ ఉపగ్రహమూ చెప్పదు. దుమ్ములో తెల్లబడిన ముఖాన్ని ఫోటో తీస్తే మనకు జాలి కలుగుతుంది. గాలిని పీల్చే యంత్రంలో తూచిన ఫిల్టరు పెట్టి, 24 గంటల తర్వాత మళ్లీ తూస్తే అంకె వస్తుంది. మన దేశంలో పది మైక్రాన్ల లోపు ధూళికి 24 గంటల సగటు హద్దు ఘనపు మీటరు గాలికి 100 మైక్రోగ్రాములు. ఆ ముఖమూ ఆ అంకే కలిసి వెళ్తేనే ఆఫీసులో ఫైలు కదులుతుంది. ఫైలులో ముఖమొక్కటే ఉంటే అయ్యో పాపం అంటారు. అంకె ఒక్కటే ఉంటే చూద్దాంలే అంటారు.

మళ్లీ మర్రిచెట్ల దగ్గరికి వస్తాను. హైదరాబాద్ అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల దారి. వికారాబాద్, తాండూరు, పరిగి, కొడంగల్ జనానికి అదే రాజమార్గం. నిజాం కాలంలో నీడకోసం నాటిన మర్రిచెట్లు సుమారు తొమ్మిది వందలు. రోడ్డును వెడల్పు చేయాలన్నప్పుడు కొందరు ప్రకృతి ప్రేమికులు ఆ దారెంట నడిచి ఒక్కో చెట్టునూ లెక్కపెట్టారు, ఫోటో తీశారు, జీపీఎస్‌తో చోటు గుర్తించారు. ఆ చెట్ల కోసం జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఏళ్లు గడిచాయి. 2025 అక్టోబరు చివర్లో, చాలా చెట్లను ఉన్నచోటే ఉంచి, కొన్నింటిని వేళ్లతో సహా తరలించి రోడ్డు వేసుకునేలా దారి తెరుచుకుంది.

మూడు నాలుగు రోజులు తిరక్కుండా, నవంబరు 3 ఉదయం, తాండూరు నుంచి హైదరాబాద్ వెళ్తున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ ఢీకొట్టింది. 19 మంది పోయారు. కాలేజీలకు పోయే పిల్లలు, కూలికి పోయేవాళ్లు, చంటిబిడ్డ. మన తాండూరు వీధుల్లో ఆ రోజు ఎవరింట్లోనూ పొయ్యి సరిగా వెలగలేదు. కంకర కింద నలిగిన ఆ బస్సు ఫోటో అందరి ఫోన్లలోకీ వచ్చింది. ఆ ఒక్క ఫోటోను చూపిస్తూ కొందరు చెట్లను తిట్టారు, చెట్లను కాపాడిన వారిని తిట్టారు. బాధలో ఉన్నవారి కోపాన్ని నేను తప్పుపట్టను. ఆ బస్సులో నా వాళ్లుంటే నేనూ అరిచేదాన్ని. కాని శాంతంగా చూస్తే ఆ దారికి రెండు నిజాలు ఉన్నాయి. మన జనానికి ప్రాణాలతో ఇల్లు చేర్చే వెడల్పయిన రోడ్డు కావాలి. వందేళ్ల నీడను ఒక్క పూటలో నరికితే మళ్లీ పెంచలేము. ఏ ఒక్క ఫోటోలోనూ ఈ రెండూ పట్టవు. ఒక ఫోటోను ఇంకో ఫోటో మీదికి ఉసిగొల్పితే ఓడేది మనమే. రెంటినీ పక్కపక్కన పెట్టుకుని, టిప్పర్ల బరువు, వేగం, గుంతలు, డివైడర్లు, చెట్ల లెక్క అన్నీ కలిపి చూడాలి.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. 2025 వసంతంలో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల పచ్చదనం మీదికి బుల్‌డోజర్లు వచ్చినప్పుడు ఫోటోలు, వీడియోలు దేశమంతా తిరిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తానే కలగజేసుకుని, తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రార్‌ను అక్కడికి పంపించి, ఆయన పంపిన నివేదికనూ ఫోటోలనూ చూసి పని ఆపించింది. ఆ రోజుల్లోనే కంప్యూటరుతో సృష్టించిన బొమ్మలు కూడా నిజం ఫోటోలతో కలిసి తిరిగాయి. అప్పుడు ఏమైంది? చర్చ చెట్ల మీది నుంచి బొమ్మల మీదికి మళ్లింది. మంచి పని కోసమే అయినా అబద్ధపు బొమ్మ ఒకటి కలిస్తే, పక్కనున్న నిజం ఫోటో విలువ కూడా పోతుంది. కోర్టు నమ్మినది స్వయంగా చోటుకు వెళ్లి, ఏ రోజు చూశాడో చెప్పగలిగిన మనిషి తెచ్చిన ఫోటోను.

అందుకే నా విన్నపం ఇది. మన పూడూరు మండలం దామగుండంలో 2,900 ఎకరాల్లో నౌకాదళ కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. అక్కడ ఎన్ని చెట్లు ఉన్నాయి, ఎన్ని పోతాయన్న దాని మీద ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పారు. వాదం ఎటు తేలినా, దామగుండం చుట్టుపక్కల వాగులు, కుంటలు ఇవాళ ఎలా ఉన్నాయో మన ఊళ్లవాళ్ల చేతిలో ఫోటోలు ఉండాలి. కోటిపల్లి చెరువు ఏ నెలలో ఎంత దూరం తగ్గుతుందో ఉండాలి. కాగ్నా వాగులో ఇసుక ఏ మేరకు ఉందో ఉండాలి. పదేళ్ల తర్వాత మాట్లాడేటప్పుడు ఇవే మనకు మొదటి ఫోటోలు.

పద్ధతి తేలిక. కదలని గుర్తు ఒకటి ఎంచుకోండి. చెరువు తూము, గుడి గోపురం, పెద్ద బండ. ప్రతి ఏడూ అదే నెలలో, అదే చోట నిలబడి, అదే వైపు తిరిగి ఫోటో తీయండి. తేదీ, ఊరు, తీసినవారి పేరు రాసిపెట్టండి. ఒకరి నుంచి ఒకరికి వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఫోటోతో ఉన్న చోటు, సమయం వివరాలు ఊడిపోతాయి. అసలు ఫైలును దాచుకోండి. ఫోటోలో మనిషి ఉంటే ముందు అడగండి, పేరు రాయండి, ఆ మనిషి మాట కూడా రాయండి. బడుల్లో పంతుళ్లు ఈ పని పిల్లలతో చేయిస్తే ప్రతి ఊరికీ ఒక సాక్ష్యం తయారవుతుంది.

ఇంకోటి. ఈ రాత్రి మీ ఇంటి పాత ఆల్బం తీయండి. అనంతగిరి గుడి ముందు దిగిన ఫోటో ఉంటుంది. బావి గట్టు మీద పెళ్లికొడుకును కూర్చోబెట్టిన ఫోటో ఉంటుంది. ముఖాలు చూసి నవ్వుకున్నాక, ఒక్క నిమిషం వాళ్ల వెనకాల చూడండి. బావిలో నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయి? గుట్ట మీద ఏ చెట్లున్నాయి? ఇంట్లో పెద్దవాళ్లుంటే అడిగి, ఊరు, ఏడు వెనక రాయండి.

కిందటి నెల నేను మా అమ్మను తీసుకుని మొయినాబాద్ దాటి వెళ్లాను. ఆ పాత ఫోటో చేతిలో పట్టుకుని చెట్టు చెట్టు దగ్గరా ఆగాము. ఏది ఆ చెట్టో చెప్పలేకపోయాము. స్టూడియో ఆయన చోటు రాసిపెట్టలేదు, మేమూ అడగలేదు. చివరికి ఒక మర్రి కింద అమ్మను కూర్చోబెట్టి కొత్త ఫోటో తీశాను. ఈసారి చెట్టు మొత్తం పట్టేలా నాలుగడుగులు వెనక్కి జరిగాను. ఫోటో వెనక తేదీ, కిలోమీటరు రాయి నంబరు, అమ్మ పేరు రాశాను.